కలరా బాక్టీరియా: ప్రతిజనక వైవిధ్యం – జీవవిష సామ్యం

ఉపోద్ఘాతం:
కలరా తరచుగా వచ్చే ప్రాంతాలలో పెద్దలకు ఆ వ్యాధిని తట్టుకునే శక్తి కొంత ఏర్పడి ఉంటుంది. అందువల్ల అక్కడ పిల్లలే ఎక్కువగా వ్యాధికి గురవుతారు. 1992 చివరలో మద్రాసులో కనిపించి, బెంగాల్ తీరప్రాంతాలలో విజృంభించిన కలరా ఇందుకు భిన్నంగా పెద్దలనూ విరివిగా పీడించింది. ఇందుకు కారణం గ్రహించాలంటే బాక్టీరియాలోని ప్రతిజనకాన్ని, జీవవిషాన్ని, అంటే యాంటిజెన్‌ను, టాక్సిన్‌ను, వేర్వేరుగా పరిశీలించాలి.

1. ప్రతిజనక వైవిధ్యం:
శరీర రక్షణవ్యవస్థ గుర్తుపట్టే పదార్థమే ప్రతిజనకం. విబ్రియో కలరే బాక్టీరియా పైపొరపై ఉండే చక్కెర గొలుసులను ‘ఓ’ ప్రతిజనకం అంటారు. ఈ గొలుసుల భేదాన్నిబట్టి ఆ జాతిలో 200కు పైగా వర్గాలను గుర్తించారు. 1992 వరకు తెలిసిన కలరా మహమ్మారులకు ఓ1 వర్గమే కారణం. మద్రాసులో లభించిన బాక్టీరియా ఓ1 ప్రతిరక్షకాలకు స్పందించలేదు. దానికి ఓ139 అని పేరుపెట్టారు. ఓ1 వర్గపు బాక్టీరియాలో ఈ గొలుసులను నిర్మించే జన్యుభాగం తొలగి, ఆ స్థానంలో వేరొకటి చేరడంవల్ల ఇది రూపొందింది. పైపొర మారడంతో ఓ1పై పెద్దలు సంపాదించుకున్న రక్షణ దీనిపై పనిచేయలేదు.

2. జీవవిష సామ్యం:
కలరా లక్షణాలకు మూలం జీవవిషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ల పేగులపై చేసిన ప్రయోగాలతో నిరూపించారు. ఈ విషంలో ఒక ‘ఎ’ భాగం, ఐదు ‘బి’ భాగాలు ఉంటాయి. ‘బి’ భాగాలు పేగుకణాన్ని అంటిపెట్టుకోగా, ‘ఎ’ భాగం లోనికి ప్రవేశించి, లవణాలూ నీరూ ధారగా వెలువడేట్లు చేస్తుంది. ఈ విషాన్ని తయారుచేసే జన్యువులను బాక్టీరియాలోకి చేరవేసేది ఒక వైరస్ అని 1996లో వెల్లడైంది. ఈ జన్యువులు ఓ139లోనూ ఉన్నాయి. తక్కిన వర్గాలలో అధికభాగానికి ఇవి లేవు. అవి మహమ్మారులను కలిగించవు.

3. చికిత్స – టీకా:
విషం ఒకటే కనుక చికిత్స మారలేదు. ఓ1 రోగికీ ఓ139 రోగికీ ప్రాణాధారం ఉప్పు, చక్కెర కలిసిన ఓఆర్ఎస్ ద్రావణమే; తీవ్రస్థితిలో సెలైన్ అవసరం. టీకా విషయం వేరు. అది పైపొరను గుర్తుపట్టేట్లు శరీరాన్ని సిద్ధం చేయాలి. అందుకే హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన, 2009లో భారతదేశంలో అనుమతి పొందిన షాంకాల్ అనే నోటిటీకాలో ఓ1, ఓ139 రెండింటినీ చేర్చారు.

ముగింపు:
ఓ139 అనంతరకాలంలో తగ్గిపోయి, ఓ1 తిరిగి ప్రధానవర్గంగా నిలిచింది. అయినప్పటికీ, ప్రతిజనకం మారినా జీవవిషం మారకుండా కొనసాగగలదని 1992 నాటి అనుభవం స్పష్టం చేసింది. కనుక బాక్టీరియా ఓ1 కాదని తేలినంత మాత్రాన ప్రమాదం లేదని భావించరాదు. విషజన్యువు ఉన్నదీ లేనిదీ పరీక్షించవలసి ఉంటుంది.