మీకు తెలుసా? కణితి పుట్టుకను తెలిపే గోధుమ రంగు

గర్భాశయం, జీర్ణాశయం, రక్తనాళాల గోడల్లో మనిషి ఇచ్ఛతో నిమిత్తం లేకుండా పనిచేసే నునుపు కండరంలో పుట్టిన కణితి, జీర్ణనాళపు గోడలోని వేరే కణాలకు చెందిన ‘జిస్ట్’ కణితి సూక్ష్మదర్శినిలో కదురు ఆకారపు కణాలతో ఒకే తీరుగా కనిపించవచ్చు. అందుకే ఒక్కో ప్రోటీన్‌నే గుర్తుపట్టి అంటుకునే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, కణజాలపు పలుచని పొరపై వేసి, అవి అంటుకున్న చోట గోధుమ రంగు తేలేలా చేస్తారు. డెస్మిన్ అనే ప్రోటీన్‌కు రంగు బలంగా వస్తే నునుపు కండరమని, సీడీ117, డాగ్1 అనే ప్రోటీన్లకు వస్తే జిస్ట్ అని వైద్యులు మొగ్గు చూపుతారు. నునుపు కండరపు ప్రోటీన్లైన ఆక్టిన్, కాల్డెస్మాన్ జిస్ట్‌లోనూ కనిపించవచ్చు కనుక ఏ ఒక్క గుర్తునూ నమ్మి తేల్చరాదు.

ఈ తేడా తెలియడం ప్రాణావసరం: 1998లో జపాన్ పరిశోధకులు కిట్ జన్యువులో కనుగొన్న మార్పు కారణంగా జిస్ట్‌లలో అధికభాగం ఇమాటినిబ్ మాత్రకు లొంగుతాయి, నునుపు కండర కణితులు లొంగవు. అయితే నునుపు కండర కణితి క్యాన్సరా కాదా అన్నది ఈ రంగు చెప్పదు. కణ విభజన వేగం, కణాల వికృతి, కణజాలం చచ్చిపోయిన తీరు చూసి నిర్ణయించాలి.

ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో పోతపోసిన కణజాలపు దిమ్మె ఏళ్ల తరబడి నిలుస్తుంది కాబట్టి, ఖమ్మం జిల్లా బోనకల్ వంటి చోటి రోగికి మళ్లీ ముక్క తీయకుండా, ఆ దిమ్మెనే హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్దాసుపత్రికి పంపి ఈ పరీక్ష చేయించే వీలుంది.