సంఘం లెక్కలకు రెండో ప్రతి

పాల సేకరణ లెక్కలు కంప్యూటరుకెక్కిన సంఘాల కార్యదర్శులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు: "సిస్టమ్ రిస్టోర్ ఉంది గదా, మళ్ళీ బ్యాకప్ దేనికి?"

ఈ రెండూ వేరు. విండోస్‌లోని రిస్టోర్ యంత్రాన్ని నడిపే ఫైళ్ళను, సెట్టింగులను, ప్రోగ్రాములను వెనుకటి తేదీకి తీసుకుపోతుంది. ఆ తేదీ తరువాత ఎక్కించిన బిల్లుల ప్రోగ్రాము ఎగిరిపోవచ్చు కూడా. చెరిగిన పక్షపు బిల్లును మాత్రం తెచ్చి ఇవ్వదు. పైగా రిస్టోర్ పాయింట్లుండేది అదే డిస్కులో. డిస్కు చెడితే అవీ పోతాయి. ఒక సభ్యురాలు పదిహేను రోజులు పూటపూటా పోసిన పాలు, వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. అన్నీ పోతే, ఇక ఆమె దాచుకున్న చీటీలే దిక్కు.

కనుక సాయంత్రం సేకరణ ముగియగానే లెక్కల ఫైళ్ళను బయటి డిస్కుకు నకలు చేయాలి. క్యాన్లు కడిగినంత సేపు కూడా పట్టదు. తరువాత డిస్కును ఊడదీసి వేరేచోట భద్రపరచాలి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఫైళ్ళకు తాళం వేసినప్పుడు, తగిలించి ఉన్న డిస్కులనూ వదలలేదు. రెండు డిస్కులు మార్చి మార్చి వాడితే మరీ మంచిది. నెలకొకసారి ఆ నకలును మరో కంప్యూటరులో తెరిచి, ఇద్దరు ముగ్గురు సభ్యుల పాస్‌పుస్తకాలతో సరిచూడగోరుతున్నాము.