డాలరు దారిలో ఎక్కడ కారిపోతోంది?

నిమ్మలకుంట... ధర్మవరానికి దగ్గర్లోని ఓ చిన్న ఊరు. మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి, వెలుతురు దూరేంత పలచగా చేసి దాని మీద రామాయణాన్ని గీసేయగల చేతులు ఆ ఊళ్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా సాగే బొమ్మలాటకు ఆదరణ తగ్గాక ఆ చేతులే ల్యాంపు షేడ్లు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. లోపల దీపం వెలిగితే ఎరుపూ పచ్చా రంగుల్లో మెరిసిపోయే ఆ షేడ్లు దేశం దాటి వెళ్లాయి.

తోలు ధరెంతో, ఒక్కో బొమ్మకు ఎన్ని రోజులు పడుతుందో, రంగులకెంత ఖర్చో... ఇలాంటి పని చేసేవాళ్లకు వేళ్ల మీద లెక్క. ఆర్డరు డబ్బు డాలర్లలో వచ్చినప్పుడే లెక్క తప్పుతుంది. ‘పంపామని వాళ్లన్నదొకటి, మన ఖాతాలో పడిందొకటి’ అన్న మాట ఎగుమతులు చేసే చిన్న వ్యాపారులందరికీ పరిచయమే. తేడా ఎక్కడికి పోయినట్టు? డ్రిప్పు పైపు ఎక్కడ కారుతోందో చూడటానికి చాలు పొడవునా నడిచే రైతులున్న జిల్లా ఇది. డాలరు వచ్చే దారి వెంట కూడా ఓసారి అలాగే నడిచి చూద్దాం.

1,200 డాలర్లు బయల్దేరితే...

అమెరికాలోని ఓ దుకాణం 1,200 డాలర్ల షేడ్లు కొన్నదనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి మార్కెట్లో డాలరు 90 రూపాయలనుకుందాం. అంటే రావాల్సింది లక్షా 8 వేలు.

కొన్నాయన తన బ్యాంకుకెళ్లి ‘స్విఫ్ట్’ ద్వారా పంపిస్తాడు. స్విఫ్ట్ అంటే డబ్బు మోసుకొచ్చే బండి కాదు, బ్యాంకుల మధ్య సందేశాలు చేరవేసే వ్యవస్థ. 1973లో బెల్జియంలో పుట్టింది. ఆ బ్యాంకుకూ మన బ్యాంకుకూ నేరుగా ఖాతాలు లేకపోతే మధ్యలో మరో బ్యాంకు వచ్చి చేరుతుంది. అది తన కూలి తాను తీసుకుంటుంది. 25 డాలర్లు పట్టుకుందనుకోండి, 2,250 రూపాయలు అక్కడే పోయాయి. మిగిలిన 1,175 డాలర్లను మన బ్యాంకు రూపాయల్లోకి మారుస్తుంది. 90 రూపాయలకు కాదు. ఒకటిన్నర శాతం తగ్గించి 88 రూపాయల 65 పైసలకు మార్చిందనుకుంటే మరో 1,586 రూపాయలు పోయినట్టే. ఇది ఏ రసీదులోనూ ‘ఫీజు’ అన్న పేరుతో కనిపించదు. ఆ తర్వాత బ్యాంకు ఛార్జీ 500, దాని మీద జీఎస్టీ 90. కరెన్సీ మార్చినందుకు విడిగా మరో జీఎస్టీ ఉంటుంది. లక్షకు అటూ ఇటుగా అది 180 రూపాయల పైచిలుకు.

మొత్తం కలిపితే 4,610 రూపాయలు. ఒకట్రెండు షేడ్లు ఊరికే ఇచ్చేసినట్టు!

ఇదే లెక్కను 12,000 డాలర్ల ఆర్డరుకు వేసి చూస్తే కథ మారిపోతుంది. మధ్య బ్యాంకు కూలి అదే 25 డాలర్లు. రేటులో పోయేది మాత్రం 16 వేలు దాటుతుంది. మొత్తం నష్టం 20 వేల రూపాయలు. చిన్న మొత్తాల్ని ఫీజులు కొరుకుతాయి, పెద్ద మొత్తాల్ని రేటు మింగుతుంది. మీకు వచ్చే చెల్లింపులు ఏ సైజువో తెలియకుండా ‘ఏ ఖాతా మంచిది?’ అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

పేరుకే మల్టీ కరెన్సీ

ఇప్పుడు వినిపిస్తున్న మాట ‘మల్టీ కరెన్సీ అకౌంట్’. ఒకే ఖాతాలో డాలర్లు, యూరోలు, పౌండ్లు పెట్టుకోవచ్చు, మంచి రేటు వచ్చినప్పుడు మార్చుకోవచ్చు అని ప్రకటనలు ఊరిస్తుంటాయి. లండన్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న వ్యాపారికి అది నిజమే. ధర్మవరంలో ఉన్నవాళ్లకు సగమే నిజం. విదేశీ మారకాన్ని మనం ఎంతకాలం ఉంచుకోవచ్చో చెప్పేది కంపెనీ ప్రకటన కాదు, ‘ఫెమా’ చట్టమూ రిజర్వు బ్యాంకు నిబంధనలూ.

మన బ్యాంకుల్లో దీనికి దగ్గరగా ఉండేది ఈఈఎఫ్‌సీ ఖాతా. విదేశీ మారకం సంపాదించేవాళ్ల కోసం పెట్టిన కరెంటు ఖాతా ఇది. వచ్చిన డాలర్లన్నీ డాలర్లుగానే ఇందులో వేసుకోవచ్చు. వడ్డీ రాదు. ఒక నెలలో జమైన మొత్తంలో అనుమతించిన అవసరాలకు వాడుకోగా మిగిలింది మరుసటి నెల ఆఖరి రోజుకల్లా రూపాయల్లోకి మార్చెయ్యాలి. ‘డాలరు వంద రూపాయలయ్యే దాకా కూర్చుంటా’ అంటే కుదరదన్నమాట.

మరి ఎవరికి ఉపయోగం? డాలర్లు వచ్చేవాళ్లకు కాదు, వచ్చీ పోయేవాళ్లకు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఓ యూనిట్ యజమానికి ఈ నెల ఎగుమతి డబ్బు వచ్చింది, వచ్చే నెల విదేశీ కుట్టుమిషన్లకు 5,000 డాలర్లు కట్టాలనుకోండి. వచ్చినవి 88.65కు అమ్మేసి, మళ్లీ 91.35కు కొనుక్కుంటే డాలరుకు 2 రూపాయల 70 పైసల చొప్పున 13,500 రూపాయలు వృథా. ఈఈఎఫ్‌సీలో ఉంచి అందులోంచే కడితే ఆ ఖర్చు ఉండదు. అదే నిమ్మలకుంట షేడ్ల సంగతి చూడండి. తోలు, రంగులు, కూలి అన్నీ రూపాయల్లోనే. అలాంటి వ్యాపారానికి ఈఈఎఫ్‌సీ ఖాతా దండగ అనే నా అభిప్రాయం. వడ్డీ లేని చోట డబ్బు పెట్టి, నెలాఖరు తేదీలు గుర్తుపెట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

రెండో రకం ఆన్‌లైన్ చెల్లింపు కంపెనీలవి. ఇవి మీ పేరుతో అమెరికాలో ఓ ఖాతా నంబరు, యూరప్‌లో ఓ నంబరు ఇస్తాయి. కొన్నవాడు తన ఊళ్లో వేరేవాళ్లకు పంపినంత సులువుగా అందులో వేస్తాడు. మధ్య బ్యాంకు కూలి తప్పుతుంది. కంపెనీ దాన్ని రూపాయలుగా మార్చి మీ మామూలు కరెంటు ఖాతాకు పంపుతుంది. చూడటానికి బహుళ కరెన్సీల ఖాతాలా ఉన్నా మన దగ్గర చాలావరకు ఇది దారే కానీ కొట్టు గది కాదు. పేపాల్‌లోనూ అంతే. 2011లో రిజర్వు బ్యాంకు నిబంధనలు వచ్చాక భారతీయ వ్యాపారులు వచ్చిన డబ్బును అందులోనే దాచుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఈ తరహా కంపెనీలకు రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న ‘పేమెంట్ అగ్రిగేటర్-క్రాస్ బోర్డర్’ పేరుతో కొత్త నిబంధనలు తెచ్చింది. అమ్మే వస్తువు ఒక్కోటి 25 లక్షల రూపాయలు మించకూడదని పరిమితి పెట్టింది. మన షేడ్లకు ఆ భయం లేదులెండి! కంపెనీకి అనుమతి ఉందో లేదో మాత్రం రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసుకోవాల్సిందే.

మార్కెట్ రేటు ఇచ్చి ఒక శాతం ఫీజు తీసుకునే కంపెనీ అయితే 1,200 డాలర్ల మీద పన్నులన్నీ కలుపుకున్నా ఖర్చు 1,500 రూపాయలు దాటదు. బ్యాంకు దారిలో అయింది 4,610. కాబట్టి చిన్న ఆర్డర్లకు ఇదే నయం. 12,000 డాలర్లకు ఇదే కంపెనీ దారిలో 13,700 పైచిలుకు అవుతుంది. కానీ ఆ స్థాయిలో బ్యాంకుతో బేరమాడొచ్చు. మార్కెట్ రేటుకు 36 పైసలు మాత్రమే తగ్గిస్తామని బ్యాంకు ఒప్పుకుంటే మొత్తం ఖర్చు 8,200 లోపే. చీర కొనేటప్పుడు గంటసేపు బేరమాడే మనం బ్యాంకు కౌంటరు దగ్గర ఎందుకో నోరు విప్పం. డాలరు రేటు కూడా బేరమాడదగ్గదే!

దిర్హాలకు వేరే ఖాతానా?

2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటి గెలలతో నిండిన శీతల కంటెయినర్ల రైలు ముంబయి జేఎన్‌పీటీ రేవుకు బయల్దేరింది, విదేశాలకు ఎగుమతి కోసం. ‘అనంత’ అరటికి గల్ఫ్ పేరు కొత్త కాదు. దుబాయ్ వ్యాపారి దిర్హాల్లో చెల్లిస్తానంటే కంగారుపడి దిర్హాల ఖాతా వెతకాల్సిన పనిలేదు. యూఏఈ దిర్హాన్ని 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. డాలర్లలో బిల్లు వేసినా ఆయనకు పోయేదేమీ లేదు. మీకు ఒక కరెన్సీ గొడవ తగ్గుతుంది. యూరో, పౌండ్ల సంగతి వేరు, అవి డాలరుతో సంబంధం లేకుండా కదులుతాయి. రూపాయల్లోనే బిల్లు వేసుకునే ఏర్పాటు కూడా 2022 జులైలో రిజర్వు బ్యాంకు తెచ్చింది కానీ, దానికి అవతలి దేశపు బ్యాంకు మన బ్యాంకులో ప్రత్యేక ఖాతా తెరిచి ఉండాలి.

‘మనవాళ్లు పంపిన డబ్బే కదా!’

అసలు చిక్కు రేటులో కన్నా కాగితాల్లో ఉంది. ధర్మవరం పట్టుచీరకు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనత్త కూతురు ఆర్డరిస్తుంది. పండక్కి పది చీరలు. ఇంటికి డబ్బు పంపే యాప్‌లోనే ఆ సొమ్మూ వేసేస్తుంది. త్వరగా వచ్చింది, ఛార్జీ లేదు, ఇంకేం కావాలి?

విదేశం నుంచి వచ్చే ప్రతి చెల్లింపుకీ ఓ ‘పర్పస్ కోడ్’ ఉంటుంది. కుటుంబ పోషణకు పంపింది పి1301. ఎగుమతికి ముందుగా వచ్చిన అడ్వాన్సు పి0103. చీరల డబ్బు మొదటి కోడ్‌తో పడితే, బ్యాంకు లెక్కలో అది వ్యాపారమే కాదు. చీరలు కస్టమ్స్ దాటినట్టు రికార్డు ఉంటుంది, వాటికి డబ్బు వచ్చినట్టు ఉండదు. ఎగుమతి బిల్లు తెరిచే ఉండిపోతుంది. జీఎస్టీ వాపసు అడిగే రోజున, బ్యాంకు అప్పు అడిగే రోజున ఇది బయటికొస్తుంది. ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే అనంతపురం కుర్రాళ్లకూ ఇదే వర్తిస్తుంది, కోడ్ మాత్రం వేరు.

కాబట్టి ఖాతా ఎంచుకునే ముందు అడగాల్సింది... ‘డబ్బు వచ్చినట్టు విదేశీ చెల్లింపు పత్రం ఇస్తారా? నేను చెప్పిన పర్పస్ కోడ్ వేస్తారా? దాంతో నా ఎగుమతి బిల్లు మూసివేయించుకోగలనా?’ అని. కస్టమ్స్‌లో మీరు నమోదు చేసుకున్న ఏడీ కోడ్ ఏ బ్యాంకుదో, బిల్లు మూయాల్సింది ఆ బ్యాంకే. ఆన్‌లైన్ కంపెనీ ఇచ్చే కాగితాన్ని ఆ బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ముందే తేల్చుకోవాలి. ఒప్పుకోనంటే ఎంత చవకైనా ఆ కంపెనీ వద్దు. ఈ విషయంలో చిన్నవాళ్లకు కాస్త ఊరట కూడా దొరికింది. 10 లక్షల రూపాయల లోపు బిల్లులను ఎగుమతిదారు ఇచ్చే ధ్రువీకరణతోనే మూసేయొచ్చని 2025 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఎగుమతి డబ్బు రాబట్టుకునే గడువును ఆ నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచింది.

ఇవన్నీ మొదలవ్వాలంటే ఐఈసీ ఉండాలి. ఎగుమతి-దిగుమతుల కోడ్ అది. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కడితే వస్తుంది. నౌకలో పంపేంత సరుకు లేనివాళ్లు తపాలా శాఖ ‘డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల’ ద్వారా పార్సిళ్లు పంపుకోవచ్చు. తొలిసారి కొంటున్నవాళ్లకు ఖాతా నంబరును మెయిల్లో పంపి ఊరుకోకుండా ఫోన్లో కూడా చదివి వినిపించండి. మధ్యలో మెయిల్ హ్యాక్ చేసి నంబరు మార్చేసే మోసాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. ఛార్జీలు ఎవరు భరించాలో కూడా అప్పుడే తేల్చుకోండి. పంపేటప్పుడు ‘అవర్’ అన్న మాట దగ్గర టిక్కు పెడితే దారి ఖర్చులు పంపినవారివే.

చివరిగా బ్యాంకు శాఖ. విదేశీ మారకం పనిని చిన్న ఊరి శాఖలు పెద్ద పట్టణంలోని మరో శాఖకు పంపించడం మామూలే. మీ కాగితాలు అసలు ఎక్కడికెళ్తాయో, అక్కడ ఎవరితో మాట్లాడాలో, ఫోన్ నంబరెంతో ఖాతా తెరిచే రోజే రాసుకోండి. డబ్బు వచ్చిన రోజు ఉదయమే ఆ నంబరుకు ఫోన్ చేసి ‘ఇవాళ నాకు ఏ రేటు వేస్తున్నారు?’ అని అడగండి. మార్చేశాక అడిగితే లాభం లేదు.