కొండ ఎప్పుడు గని అవుతుంది?

విశాఖపట్నం నుంచి అరకులోయకు రైలులో వెళ్ళినవాళ్ళు మీలో కొందరైనా వుంటారు. కొండల అంచుల మీదుగా, 50కి పైగా సొరంగాల గుండా సాగే ఆ ప్రయాణం మరపురానిది. సముద్రతీరాన బయలుదేరిన బండి శిమిలిగుడ స్టేషను చేరేసరికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. దారిలో పొడవాటి గూడ్సు బళ్ళు ఎదురవుతాయి. వాటి పెట్టెల్లో ముదురు ఎరుపు రంగు రాళ్ళూ, పొడీ వుంటాయి. చూడడానికి మామూలు రాళ్ళే. కాని చేతిలోకి తీసుకుంటే, అంతే పరిమాణం గల మామూలు రాయికి దాదాపు రెట్టింపు బరువు తూగుతాయి. అది హెమటైట్ అనే ఇనుప ఖనిజం.

నిజానికి ఈ రైలు మార్గాన్ని అరకు అందాలు చూపడానికి వేయలేదు. ఆ రాళ్ళ కోసం వేశారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బైలాడీలా కొండల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో సుమారు 445 కిలోమీటర్ల పొడవున దీన్ని నిర్మించారు.

మరి ఆ కొండలు 1960లలో పుట్టినవి కావు గదా! అవి కోట్లాది సంవత్సరాలుగా అక్కడే వున్నాయి. వాటిలో ఇనుము వున్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు 1890ల చివర్లోనే గుర్తించారు. అయినా అక్కడ పెద్ద గని తెరవడానికి మరో 70 ఏళ్ళు పట్టింది. ఎందుకని? కొండ ఎప్పుడు గని అవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే, బైలాడీలా వెళ్ళే ముందు మనం ఒకసారి నాగపూరు వెళ్ళాలి.

మ్యూజియంలో ఒక పటం

మన దేశంలో నేల లోపలి సంగతులను శాస్త్రీయంగా పరిశీలించే పని 1851లో మొదలయింది. ఆ ఏడాది కలకత్తాలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆవిరి ఓడలకు, అప్పుడప్పుడే వస్తున్న రైళ్ళకు బొగ్గు కావాలి. ఆ బొగ్గు ఎక్కడ వుందో వెతకడమే ఆ సంస్థ తొలి పని. క్రమంగా దాని శాస్త్రజ్ఞులు దేశమంతా తిరిగి, ఏ చోట ఏ రాయి వుందో రంగులతో చూపే పటాలు తయారుచేశారు.

వారిలో ఒకరు ప్రమథనాథ్ బోస్. 1855లో బెంగాల్‌లో పుట్టి, లండన్‌లో చదువుకుని, 1880లో ఆ సంస్థలో చేరారు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో తిరిగి, దల్లీ రాజహరా కొండల్లో ఇనుప ఖనిజం వున్నదని 1887లో ఆయన రాశారు. ఆ నివేదిక అచ్చయింది. తర్వాత చాలాకాలం దాన్ని అంతగా పట్టించుకున్నవారు లేరు.

అదే కాలంలో బొంబాయి పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటా మన దేశంలోనే ఉక్కు తయారుచేయాలని కలలుగంటున్నారు. 1882లోనే చాందా జిల్లా ఇనుప ఖనిజం గురించి ఒక జర్మన్ నిపుణుని నివేదిక ఆయన చదివారు. అక్కడ ఖనిజం బాగానే వుంది. కాని దగ్గరలోని వరోరా బొగ్గు ఉక్కు తయారీకి పనికిరాలేదు. పైగా ఖనిజాలు వెతకడానికి ఆనాటి ప్రభుత్వ నిబంధనలు పెద్ద ఆటంకం. 1899లో లార్డ్ కర్జన్ ప్రభుత్వం ఆ నిబంధనలను సడలించింది. అప్పుడుగాని టాటాల ప్రయత్నం మళ్ళీ ముందుకు కదలలేదు.

20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో జంషెడ్జీ కుమారుడు దొరాబ్జీ, అమెరికా నుంచి వచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞుడు వెల్డ్‌తో కలిసి చాందా అడవులన్నీ గాలించారు. పెద్ద కర్మాగారానికి చాలినంత ఖనిజం దొరకలేదు. దొరాబ్జీ నిరాశతో ఒక అధికారిని కలవడానికి నాగపూరు వెళ్ళారు. ఆ సమయానికి అధికారి లేరు. కాలక్షేపానికి దొరాబ్జీ ఎదురుగా వున్న మ్యూజియంలోకి నడిచారు. అక్కడ గోడ మీద ఒక భూగర్భ పటం! దుర్గ్ ప్రాంతం మీద ముదురు రంగు పూసి వుంది. ఆ రంగుకు అర్థం ఇనుము.

వెంటనే దల్లీ రాజహరాకు బయలుదేరారు. కొండ మీద నడుస్తుంటే కాళ్ళకింద లోహం మోగినట్టు మోగిందట! బోస్ రాసినది నిజమే. కాని ఏం లాభం? ఉక్కు తయారీకి తగిన బొగ్గు అక్కడికి చాలా దూరం. కావలసినంత నీరూ లేదు. అంత గొప్ప ఖనిజాన్ని అక్కడే వదిలి వెనక్కు తిరిగారు.

దారి మార్చిన ఉత్తరం

ఇంతలో బోస్ ప్రభుత్వ ఉద్యోగం వదిలేశారు. తనకంటే పదేళ్ళు వెనుక చేరిన ఇంగ్లీషు అధికారిని డైరెక్టరుగా నియమించినందుకు 1903లో ఆయన రాజీనామా చేశారు. తర్వాత మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తూ, గోరుమహిసాని కొండల్లో మేలురకం ఇనుప ఖనిజాన్ని కనుగొన్నారు. 1904 ఫిబ్రవరి 24న ఆ సంగతి తెలుపుతూ జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశారు.

కొన్ని నెలలకే జంషెడ్జీ మరణించారు. కాని ఆ ఉత్తరం వృథా కాలేదు. గోరుమహిసాని ఖనిజం దొరికింది. ఝరియా బొగ్గు గనులు అందుబాటులో వున్నాయి. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట నీరుంది. సంస్థానం అనుకూలమైన షరతులతో గనులకు అనుమతి ఇచ్చింది. 1907లో కంపెనీ ఏర్పడింది. స్వదేశీ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులవి. దాదాపు 8 వేల మంది భారతీయులు మూడే వారాల్లో వాటాలు కొని పెట్టుబడి సమకూర్చారు. 1912లో సాక్చీ గ్రామంలో ఉక్కు పోతపోశారు. ఆ సాక్చీయే నేటి జంషెడ్‌పూర్.

వనరు వేరు, నిల్వ వేరు

ఇక్కడ మనం రెండు మాటలు నేర్చుకోవాలి. ఒకటి వనరు. రెండవది నిల్వ.

మీ పెరట్లో మామిడిచెట్టు వుందనుకోండి. చెట్టు నిండా వంద కాయలున్నాయి. కాని మీ చేతికి, మీ కర్రకు అందేవి నలభై మాత్రమే. మిగిలిన అరవై చిటారుకొమ్మన వున్నాయి. ఆ వంద కాయలూ మీ వనరు. ఆ నలభై మీ నిల్వ. రేపు ఎవరైనా నిచ్చెన తెచ్చి ఇస్తే? చెట్టుకు కొత్తగా ఒక్క కాయ కాయకపోయినా మీ నిల్వ పెరుగుతుంది. అడ్డంగా ఎవరైనా కంచె వేస్తే తరుగుతుంది.

ఖనిజాల సంగతీ అంతే. నేలలో వున్నదంతా వనరు. ఇప్పటి పరిజ్ఞానంతో, ఇప్పటి ధరలకు, ఇప్పటి చట్టాలకు లోబడి లాభసాటిగా తవ్వి తీయగలిగినది మాత్రమే నిల్వ. వనరు ఎక్కడుందో చెప్పేది భూగర్భ శాస్త్రం. నిచ్చెన తెచ్చేది పరిశ్రమ. కంచె ఎక్కడ వుండాలో, ఎక్కడ తీయాలో నిర్ణయించేది ప్రభుత్వ విధానం. ఈ మూడూ కలిసినప్పుడే కొండ గని అవుతుంది.

దల్లీ రాజహరా సంగతే చూడండి. టాటాలు వదిలి వెళ్ళిన రోజున అది వట్టి వనరు. స్వాతంత్ర్యం వచ్చాక, 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమి వెలిగింది. దానికి ఖనిజం పంపినది ఆ దల్లీ రాజహరాయే! మధ్యలో కొండ మారలేదు. రైళ్ళూ, బొగ్గు రవాణా, ప్రభుత్వ సంకల్పమూ మారాయి. బోస్ గుర్తించిన ఖనిజం 70 ఏళ్ళ తర్వాత అక్కరకు వచ్చింది.

ఎద్దు మూపురం

ఇక మన బైలాడీలాకు వద్దాం. ఆ పేరుకు ఎద్దు మూపురం అని అర్థం. దంతెవాడ అడవుల మధ్య, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా లేచిన ఆ కొండలు దూరం నుంచి అలాగే కనిపిస్తాయి.

అక్కడికి ఇనుము ఎలా వచ్చింది? సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం, అంతకు ముందు కూడా, భూమి మీది గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదు. సముద్రపు నీటిలో ఇనుము కరిగి వుండేది. సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు పుట్టి ప్రాణవాయువు వదలసాగాయి. అది నీటిలోని ఇనుముతో కలిసి తుప్పులాంటి పదార్థంగా మారి అడుగుకు చేరింది. దానితోపాటు సిలికా పొరలు కూడా ఏర్పడ్డాయి. తర్వాత అవి గట్టిపడి, ఎత్తుకు లేచాయి. లక్షల ఏళ్ళపాటు ఇంకిన వాననీరు సిలికాను కొంచెం కొంచెంగా కరిగించి తీసుకుపోయింది. ఇనుము మిగిలింది. స్వచ్ఛమైన హెమటైట్‌లో 70 శాతం ఇనుము వుంటుంది. బైలాడీలాలోని మేలురకం ఖనిజంలో 65 శాతం దాకా, ఒక్కొక్కచోట అంతకు మించి వుంది.

ఈ కొండలను మొదట గుర్తించినది కూడా ప్రమథనాథ్ బోసే! 1934–35లో అదే సంస్థకు చెందిన క్రూక్‌షాంక్ అక్కడ వివరంగా సర్వే చేసి, 14 ఖనిజ నిక్షేపాలను గుర్తించి వాటికి వరుసగా అంకెలు వేశారు. నేటికీ అక్కడి గనులను 5వ నిక్షేపం, 14వ నిక్షేపం అని ఆ అంకెలతోనే పిలుస్తారు.

కాని దట్టమైన అడవి, రైలు లేదు, రోడ్డు లేదు. ఖనిజం చిటారుకొమ్మనే వుండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను ఉక్కు పరిశ్రమ వేగంగా పెరిగింది. దానికి ఖనిజం కావాలి. మనకు విదేశీ మారకద్రవ్యం కావాలి. 1960లో ఒప్పందం జరిగింది. తూర్పు కనుమలను తొలిచి రైలు మార్గం వేశారు. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో 14వ నిక్షేపంలో గని తెరిచింది. దీని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే వుంది. పెద్ద ఓడల కోసం 1976లో విశాఖలో ఔటర్ హార్బరు సిద్ధమయింది. ఇలా నిచ్చెన పూర్తయింది.

ఆ ఖనిజం మన గుమ్మం ముందు నుంచే విదేశాలకు పోతుంటే, ఇక్కడే ఎందుకు ఉక్కు చేయకూడదు? 1965లో విదేశీ నిపుణుల బృందం విశాఖ అనువైన చోటని చెప్పింది. 1966లో విశాఖ ఉక్కు కోసం తెలుగువారు పెద్ద ఎత్తున ఉద్యమించారు. కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. బైలాడీలా ఖనిజం దాని కొలిముల్లో కరిగింది. అయితే సొంత ఇనుప గని లేకుండానే ఆ కర్మాగారం మొదలయింది. సొంత గని లేకపోతే ఖనిజం బజారు ధరకు కొనుక్కోవాలి. చూశారా, విధానంలో ఒక్క ముడి వదులైతే దాని బరువు ఎన్నేళ్ళు మోయాలో!

ఎర్రబడిన ఏరు

ఈ కథలో ఇంతవరకు శాస్త్రజ్ఞులు, పారిశ్రామికవేత్తలు, ప్రభుత్వాలు కనిపించారు. మరి ఆ కొండ కింద వుండే ఆదివాసులో?

గని తవ్వినప్పుడు మెత్తని ఖనిజపు పొడి పోగుపడుతుంది. వానకు అది కొట్టుకుపోయి వాగుల్లో కలిసింది. కిరండూల్ వాగు, శంఖినీ నది ఎర్రబారాయి. తాగే నీరు, పొలాల నేల పాడయ్యాయి. తర్వాత చెక్‌డ్యాములు, బురదను ఆపే కట్టలు కట్టారు. అవి ముందే కట్టవలసినవి. వాన ఎంత పడుతుంది, నీరు ఏ వైపు పారుతుంది, ఏ రాయి పొడి అవుతుంది అన్నది కూడా భూగర్భ శాస్త్రమే చెబుతుంది. ఖనిజం ఎక్కడుందని మాత్రమే శాస్త్రజ్ఞుణ్ణి అడిగి, తవ్వితే ఏమవుతుందని అడగకపోతే సగం పాఠమే చదివినట్టు.

ఈ లోపాన్ని కొంతైనా సరిదిద్దడానికి 1957 నాటి గనుల చట్టాన్ని 2015లో సవరించారు. గనుల కేటాయింపు వేలం ద్వారా జరగాలన్నారు. గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పాటు చేశారు. గని నడిపేవారు రాయల్టీకి అదనంగా, వేలంలో పొందిన గనికైతే అందులో 10 శాతం, పాత గనికైతే 30 శాతం ఈ నిధికి చెల్లించాలి. ఆ డబ్బు గని ప్రభావిత గ్రామాల నీటికి, వైద్యానికి, చదువుకు ఖర్చు కావాలి. 2023లో బస్తర్‌లోనే నగర్‌నార్ దగ్గర ఉక్కు కర్మాగారం మొదలయింది. ఖనిజం పుట్టిన సీమలోనే ఉక్కు తయారవడానికి అంతకాలం పట్టింది!

రేపటి పటాలు

నేడు వెతుకులాట ఇనుముతో ఆగలేదు. బ్యాటరీలకు లిథియం, మోటార్ల అయస్కాంతాలకు అరుదైన మృత్తికా లోహాలు కావాలి. 2023లో భారత ప్రభుత్వం 30 ఖనిజాలను కీలకమైనవిగా ప్రకటించింది. 2025లో వాటి కోసం జాతీయ మిషన్ ప్రారంభించింది. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో కూడా ఇల్మనైట్, మోనజైట్ వంటి ఖనిజాలున్నాయి. ఆ ఇసుకే తీరాన్ని కాపాడుతుంది. ఆ తీరం మీదే మత్స్యకారులు బతుకుతారు. అందువల్ల అక్కడ ఏం చేయాలన్నా పాత ప్రశ్నే: వనరులో ఎంత భాగాన్ని నిల్వగా లెక్కకట్టాలి? కంచె ఎక్కడ వేయాలి?

దానికి మంచి జవాబు చెప్పాలంటే ముందు మంచి పటం కావాలి. జియలాజికల్ సర్వే తన పటాలను ఇప్పుడు భూకోశ్ అనే వేదిక ద్వారా అందరికీ అందుబాటులో వుంచింది. నాగపూరు మ్యూజియం దాకా వెళ్ళనక్కరలేదు. మీ సైన్సు మాస్టారి సాయంతో మీ మండలం పటం తెరిచి, మీ ఊరి కొండ మీద ఏ రంగు పూసి వుందో చూడండి. తర్వాత ఆ కొండ దగ్గరకు వెళ్ళి, అక్కడి రాయి ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూడండి. కొండ కింద ఏ వాగు పుడుతుందో, దాని నీరు ఎవరు తాగుతారో కూడా రాసుకోండి. ఈ రెండు సంగతులూ ఒకే కాగితం మీద వుండాలి.