తెరమీది తెల్లేరు, గట్టుమీది ప్రేక్షకుడు

2021 అక్టోబరు 1వ తేదీన విడుదలయిన 'రిపబ్లిక్' చలనచిత్రమునకు కథాధారము ఒక సరస్సు. చిత్రమున దాని పేరు తెల్లేరు. విడుదలయిన కొలది దినములలోనే కొల్లేటి గ్రామములవారు కొందఱు ఏలూరులో నిరసన తెలిపిరి. విషపదార్థములతో చేపలను పెంచుచున్నట్లు అందు చూపిరనియు, ఆ దృశ్యములు తమ జీవనాధారమునకు హాని చేయుననియు, వానిని తొలగింపవలెననియు వారి వాదము. తెల్లేటిని గుఱించి చెప్పిన కథకు కొల్లేటివారు బదులు చెప్పిరన్నమాట. కళను కళగా చూడనేరనివారి తొందరపాటని దీనిని తీసివేయుట సులభము. మా అభిప్రాయము వేఱు. ప్రేక్షకుని గుఱించి మన ఆలంకారికులు చేసిన చర్చకు ఈ చిన్న సంఘటన ఒక గట్టి పరీక్ష యని మేము తలంచుచున్నాము.

ముందుగా పేరు సంగతి చూతము. కొల్లేరు, తెల్లేరు: రెండును తగణములు. రెండవ అక్షరము రెంటను 'ల్లే'. మారినది మొదటి అక్షర మొక్కటే. ద్వితీయాక్షరప్రాసకు వేయేండ్లుగా అలవడిన తెలుగు చెవికి ఇంతకంటె స్పష్టమైన సూచన అక్కఱలేదు. దర్శకుడు దేవ కట్టా ఈ పేరును దాచుటకు పెట్టెనా, తెలుపుటకు పెట్టెనా అని అడిగినచో రెంటికిని అని చెప్పుటయే సరి. చట్టమునకు అది వేఱు పేరు. ప్రేక్షకునకు అదే పేరు. దూరపు ప్రేక్షకుడు ఈ ముసుగును చూచి ఒకమాఱు నవ్వుకొని ముందునకు సాగును. చేరువ ప్రేక్షకుడు అచ్చటనే ఆగిపోవును. ఎందువలన ఆగిపోవుననునది మా ప్రశ్న.

ఉత్కంఠ ప్రధానముగా గల కథలలో, అనగా మనము థ్రిల్లరులు అనుచున్న వానిలో, ప్రేక్షకునకు ఒక తోడు కావలెను. తెలియని చోటికి ఒకరు ప్రవేశింతురు. వారి కన్నులతోనే మనమును ఆ చోటిని చూతుము. వారికి తెలిసినంతయే మనకును తెలియును. ఇందులకు చక్కని ఉదాహరణము 2013లో వచ్చిన 'ది ఈస్ట్' అను అమెరికను చిత్రము. దర్శకుడు జాల్ బాట్‌మంగ్లిజ్. అతనితో కూడి కథ వ్రాసిన బ్రిట్ మార్లింగు అందు నాయిక. ఒక ప్రైవేటు గూఢచారి సంస్థలో ఉద్యోగిని యైన ఆ నాయిక మాఱుపేరుతో ఒక రహస్యదళమున చేరును. ప్రకృతిని పాడుచేయు కంపెనీల యజమానులకు వారి పాపమునే రుచిచూపుట ఆ దళపు పద్ధతి. సముద్రమున చమురు వదలిన వాని ఇంటిలో చమురు పోయుదురు. హానికరమైన మందు నమ్మినవారిచేతనే ఆ మందు మ్రింగింతురు. విషము కలిపిన నీటిలోనికి ఆ కలిపినవారినే దింపుదురు. చూచుచున్న కొలది గూఢచారిణి మనసు మాఱును, ఆమెతోపాటు మన మనసును. చివర ఆమె ఎన్నుకొన్న మధ్యేమార్గము కొందఱకు మెత్తగా తోచినది. కాని వేగుగా వచ్చినది శత్రువు గూటిలో మనసిచ్చుటను చూచి ఆమెను తప్పుపట్టిన ప్రేక్షకులు తక్కువ.

ఇది మనకు క్రొత్తది కాదు. దేవతల పనుపున శుక్రుని ఆశ్రమమున ప్రవేశించి మృతసంజీవని నేర్చుకొనివచ్చిన కచుని కథను భారతము ఆదిపర్వమున ఎఱుగని తెలుగు విద్యార్థి లేడు. కచుడు తన పేరు దాచలేదు, ఉద్దేశమును దాచెను. ఆ కథను మనము వినునది కచుని వెంట నడచియే. అదే కథను రాక్షసుల పక్షమున నిలిచి చెప్పినచో అది విద్యాచౌర్యము. దేవయాని వైపునుండి చెప్పినచో మఱియొకటి.

అట్టి మఱియొక వైపునుండి చెప్పబడిన నిజవృత్తాంతము బ్రిటనులో జరిగినది. మార్క్ కెన్నెడీ అను లండను పోలీసు ఉద్యోగి 2003 మొదలుకొని ఏడేండ్లు మాఱుపేరుతో పర్యావరణోద్యమకారుల నడుమ బ్రదికి 2010లో బయటపడెను. అతని వలన మోసపోయిన ఒక స్త్రీ వ్యాజ్యము వేయగా, ఆమె మానవహక్కులకు భంగము కలిగినదని అచ్చటి విచారణాధికరణము 2021 సెప్టెంబరు 30న తీర్పు చెప్పెను. మఱునాడే ఇచ్చట 'రిపబ్లిక్' విడుదల. ఇది కాకతాళీయమే గాని మా విషయమునకు చక్కగా అమరినది. ప్రవేశించినవాని వెంట నడచినవారికి ఉత్కంఠ. ఎవరి ఇంట ప్రవేశించెనో వారికి అది ఉత్కంఠ కాదు, ఫిర్యాదు.

ఇక తెల్లేటికి వత్తము. ఆ కథలో ప్రవేశించువారు ఇద్దఱు. ఒకడు కలెక్టరుగా వచ్చు అభిరాము. సాయిధరమ్ తేజ్ ఆ పాత్రధారి. రెండవది కనబడకపోయిన అన్నను వెదకుచు విదేశమునుండి వచ్చు నాయిక. ప్రతినాయిక యైన విశాఖవాణి పాత్రను రమ్యకృష్ణ ధరించెను. దర్శకుని కోపమంతయు రాజకీయవ్యవస్థ మీదనే. సరస్సు ఆ కోపమునకు నిదర్శనముగా నిలిచినది. మత్స్యకారుని మీద చిత్రమునకు ద్వేషము లేదు, సానుభూతియే యున్నది. ఐనను కథ వెంట మనలను నడిపించు కన్ను గట్టు బయటినుండి వచ్చినది, అందును అధికారపు కన్ను. ఇచ్చటనే చిక్కు.

అధికారపు కన్ను కొల్లేటికి వచ్చుట ఇదివఱకే జరిగియున్నది. ఆ చరిత్రను కొంత వివరముగా చెప్పవలెను. అది లేనిదే ప్రేక్షకుడు అర్థము కాడు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నిలిచిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి దీనిలో చేరును; ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు చేర్చును. 1970వ దశాబ్దిలో ప్రభుత్వమే మత్స్యకార సహకారసంఘములకు చేపలచెరువులు త్రవ్వించి యిచ్చెను. తరువాత పెట్టుబడి గలవారు కౌలుకు దిగిరి, చెరువులు పెరిగెను, సరస్సు తఱిగెను. 1999 అక్టోబరు 4న 120వ నంబరు ఉత్తర్వుతో ఐదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట సర్వోన్నత న్యాయస్థానపు ఆదేశముల వెంట అధికారులు యంత్రములతో వచ్చి అభయారణ్యములోని చెరువుగట్లను పగులగొట్టిరి. 2015లో హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని శాసనసభ తీర్మానించెను. ఐదవ కాంటూరు, మూడవ కాంటూరు అను మాటలు కొల్లేటి లంకలలో బడికి పోని ముసలివారి నోటను వినబడును. ఒక ఇంటి అన్నము ఆ అంకెల మీద నిలిచియున్నది.

2006లో జరిగినది తప్పని మేము చెప్పుట లేదు. సరస్సు బ్రదుకవలె నన్నచో ఆ గట్లు పోవలసినవే. కాని కలెక్టరు జీపు తెరమీద సరస్సువైపు సాగినపుడు హైదరాబాదు ప్రేక్షకుడు న్యాయము వచ్చుచున్నదని తలంచును. లంకగ్రామపు ప్రేక్షకునకు దాని వెనుక యంత్రము కనబడును. తెరమీద అది లేదు, అతని కుర్చీలో నున్నది.

నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమునకు వ్యాఖ్య వ్రాయుచు అభినవగుప్తుడు రసవిఘ్నములు ఏడని లెక్కించెను. వానిలో రెండవది, ప్రదర్శితమైనదానిని ఫలానా దేశమునకు, ఫలానా కాలమునకు, ఫలానా వ్యక్తికి కట్టివేసి, ఇది నాది యనియో ఇది ఇతరునిది యనియో తలంచుట. మూడవది, తన స్వంత సుఖదుఃఖములలో మునిగియుండుట. ఇటీవలనే బిడ్డను కోల్పోయిన తల్లి హరిశ్చంద్ర నాటకమున కాటిసీను చూడలేక లేచిపోవుట మూడవదానికి దృష్టాంతము. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము, అనగా పాత్రల విశేషములు తొలగి భావము అందఱిదగుట, ఈ విఘ్నములు తొలగిననే గాని సిద్ధింపదు. ఈ లెక్కను పట్టినచో కొల్లేటివారికి విఘ్నములు రెండును కలిగినవి. వారు సహృదయులు కారని తీర్పు చెప్పి పుస్తకము మూయవచ్చును.

మూయుటకు మాకు మనసొప్పలేదు. విఘ్నములు తొలగించుటకు భరతుడు రంగస్థలమున చేసిన ఏర్పాటులు, అనగా పూర్వరంగము, నటుని వేషము, నాట్యధర్మి, ఇవన్నియు ప్రేక్షకునకు ఇది లోకము కాదని అడుగడుగున గుర్తుచేయునవి. సమకాలిక రాజకీయ చలనచిత్రము చేయునది దీనికి సరిగా వ్యతిరేకము. అది లోకమే యని నమ్మించుటలో దాని బలమున్నది. ప్రాసతో కూర్చిన పేరు, వార్తలలో చూచిన సంఘటనల పోలిక, ఇవి దేశకాలములను తొలగించుటకు గాక తగిలించుటకు పెట్టినవి. తానే పిలిచిన ఆవేశమును ప్రేక్షకుడు తెచ్చుకొన్నపుడు అది అతని లోపమని కవి యనుట న్యాయము కాదు. చిత్రము సాక్ష్యము చెప్పుచున్న స్వరమున మాటలాడినది. చేరువవాడు సాక్ష్యమును విచారించునట్లే విచారించెను.

మఱి విచారించి ఏమి కనుగొనెను? ఇందులకు మేము తరగతిలో విన్న రెండు మాటలు ఉపకరించును. భీమడోలు ఒక సంధిస్థానము. ఉత్తరమున ద్వారకాతిరుమల వైపు మెట్ట. దక్షిణమున చేలు దాటగానే కొల్లేరు. రెండు వైపుల పిల్లలును ఒకే బల్లమీద కూర్చుందురు. చిత్రమును గుఱించి అడుగగా మెట్టకుఱ్ఱవాడొకడు, "చూశాక వారం రోజులు చేప తినబుద్ధి కాలేదండి" అనెను. లంకగ్రామపు విద్యార్థి కొంతసేపు ఊరకుండి, "చెరువు ఎవరిదో చూపించారండి. కాపలా ఎవరిదో చూపించలేదండి" అనెను.

మొదటిమాట రెండవ మాటకు కారణము. దర్శకుడు నేరమును అధికారమునకు, ధనమునకు అంటగట్టెను. ప్రేక్షకుడు ఇంటికి తీసికొనిపోయినది మాత్రము చేపను. పళ్ళెములోని చేపముక్క మీద అది వందల ఎకరములు కౌలుకు పట్టినవాని చెరువుదో, మావులు వేసి బ్రదుకు వానిదో వ్రాసియుండదు. సంతలో ధర పడినచో ఇద్దఱికిని పడును. పెద్దవాడు ఆ ఏటికి ఓర్చుకొనును, చిన్నవాడు అప్పు చేయును. కాగా కొల్లేటివారి నిరసన చిత్రపు అభిప్రాయము మీద కాదు, దాని ఫలితము మీద. కవి హృదయము వారికి అర్థము కాలేదని చెప్పుట పొరపాటు. సామాన్య ప్రేక్షకుని హృదయము వారికి కవికంటె బాగుగా అర్థమైనది. ఒక్క మాట దాచక చెప్పవలెను: చేపను కాపాడుటకు చేసిన వాదము పెద్ద చెరువునకును అంతే నీడ నిచ్చును. సరస్సును మ్రింగినవారి ప్రశ్న ఆ నీడలో మఱుగుపడినది.

కాలము కూడ ఈ చూపునకు పదును పెట్టినది. 2020 డిసెంబరు మొదటివారమున ఏలూరులో వందలమంది ఉన్నట్లుండి మూర్ఛలతో పడిపోయిరి. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెను. పురుగుమందుల అవశేషముల మీదను అనుమానము సాగెను. పదినెలలు తిరుగకముందే, ఆ యూరి దాపుననే, నీటివలనను చేపలవలనను జనులు రోగగ్రస్తులగు కథ తెరమీదికి వచ్చినది. ఏలూరు ప్రేక్షకునకు భయానకము కల్పించి యీయనక్కఱలేదు. ఆ భయము నిజమైనదే. దానికి చేప దొరకుట కొల్లేటివారి దురదృష్టము.

ఇతరచోట్ల ప్రతిస్పందన వేఱు దారుల పోయినది. విడుదలకు ముందు సెప్టెంబరు 10న కథానాయకుడు మోటారుసైకిలు ప్రమాదమున గాయపడుట, 25వ తేదీ సభలో పవన్ కళ్యాణ్ ప్రసంగము, దానిపై రేగిన రాజకీయ వివాదము, ఇవియే చిత్రము కంటె ముందు మాటకు వచ్చెను. విషాదాంతమును మెచ్చినవారు కొందఱు, ఓర్వనివారు కొందఱు. ఆ సంభాషణలలో సరస్సు ప్రసక్తి అరుదు. దూరము సాధారణీకరణమునకు తోడ్పడును గాని, సాధారణీకృతమైన సరస్సులో నీరుండదు.

పై విద్యార్థి తండ్రి ఒక చేపలచెరువునకు రాత్రికాపలా. చిత్రము ఫోనులలోనికి వచ్చిన తరువాత ఆయన దానిని గట్టుమీది పాకలో రెండు రాత్రులుగా చూచెనట. ఏమనెనని మేము అడిగితిమి. కోపపడలేదట, మెచ్చుకొనను లేదట. "ఇంత కథ చెప్పారు, ఆ నీళ్ళు ఉప్పుటేట్లోకి ఎటు పోతాయో చూపించారేంట్రా?" అని మాత్రము కొడుకు నడిగెనట. కుఱ్ఱవాడు ఆ ప్రశ్నను మాకు అప్పగించెను. బదులు చెప్పలేక మేము చిత్రమును మొదటినుండి మఱల చూడవలసి వచ్చినది.