సైకిల్‌ని బండి గుద్దితే...

ట్యూషన్ అయిపోయింది. పిల్లాడు సైకిలెక్కి సందు మలుపు తిరిగాడో లేదో వెనకనుంచి కారు తగిలింది. కిందపడ్డాడు. మోకాలు గీరుకుపోయింది. కారాయన దిగి ఐదొందలు చేతిలో పెట్టి 'ఏం కాలేదులే బాబూ' అన్నాడు. నలుగురూ చూస్తుంటే సిగ్గేసి, బట్టలు దులుపుకుని ఇంటికొచ్చేశాడు. రాత్రికి కడుపునొప్పి మొదలైంది. ఆ కారు ఎవరిది? నంబరెంత? ఎవరికీ తెలియదు!

పిల్లలే కాదు, పాలు పోసేవాళ్లూ తాపీ పనికెళ్లేవాళ్లూ కూడా చేసే పొరపాటే ఇది. ఆ కాసేపట్లో ఏం చేయాలో తెలిసుంటే చాలా నష్టం తప్పుతుంది.

ముందు ప్రాణం

పడగానే గబుక్కున లేవొద్దు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయో లేదో చూసుకుని, మెల్లగా రోడ్డు పక్కకి రావాలి. మెడ, వెన్ను నొప్పిగా ఉంటే కదలకుండా 108కి ఫోన్ చేయించాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆ కంగారులో నొప్పి వెంటనే తెలియదు. తలకి దెబ్బ తగిలాక వాంతులు, మగత, తగ్గని తలనొప్పి ఉంటే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటే పైకి చిన్న కమిలిన మచ్చే కనిపించినా లోపల కాలేయం, ప్లీహం దెబ్బతిని ఉండొచ్చు. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

నంబరు రాసుకోండి

బండి నంబరు, డ్రైవరు పేరు, చూసినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. సైకిల్, బండి పడి ఉన్న తీరునీ గాయాలనీ సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీయండి. పక్క దుకాణానికి సీసీ కెమెరా ఉందేమో గమనించి, ఆ సంగతి పోలీసులకి చెప్పండి. గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడటం, పోలీసులకి తెలియజేయడం చట్టప్రకారం డ్రైవరు బాధ్యత.

అక్కడికక్కడే రాజీ పడి కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే తీసేదాకా తెలియదు కదా! 112కి ఫోన్ చేసి పోలీసులకి చెప్పండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇస్తారు. డాక్టరుకి 'బండి గుద్దింది' అనే చెప్పండి. 'జారిపడ్డాను' అని రాయిస్తే తర్వాత అదే అడ్డంకి అవుతుంది.

పరిహారం మాటేమిటి?

సైకిల్‌కి లైసెన్సూ బీమా అక్కర్లేదు. గుద్దిన బండికి మాత్రం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మీకు పరిహారం రావాల్సింది దాన్నుంచే. అందుకోసం మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రమాదం జరిగినచోటే కాదు, మీరుంటున్న ప్రాంతంలోనూ వేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గడువు 6 నెలలు. వైద్యం ఖర్చే కాదు, పనికి వెళ్లలేకపోయిన రోజుల కూలీ కూడా అడగొచ్చు. అందుకే మందుల బిల్లులు, రిపోర్టులు, ఎక్స్‌రేలు పారేయకండి. సైకిల్ బాగుచేయించే ముందు దానికీ ఫొటో తీయండి. తప్పు కొంత సైకిల్‌వాళ్లదని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. చీకటిపడితే లైటు, వెనక రిఫ్లెక్టరు ఉండాలనేది అందుకే.

లాయరుకి డబ్బెక్కడిది అంటారా? మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఫోన్: 15100.

బండి ఆగకుండా పోతే...

నంబరు దొరక్కపోయినా దారి ఉంది. అలాంటి ప్రమాదంలో తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు, ప్రాణం పోతే కుటుంబానికి రూ.2 లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దరఖాస్తు వివరాలకి తహసీల్దారు లేదా ఆర్డీవో కార్యాలయంలో అడగాలి. పోలీసు కేసు లేకపోతే మాత్రం ఇది కష్టం.

2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో 7 రోజుల వరకూ రూ.లక్షన్నర దాకా నగదు కట్టకుండానే వైద్యం అందాలి. చేర్చుకునేటప్పుడే అడగండి.

ఇక దారినపోయేవాళ్లకో మాట. గాయపడినవాళ్లని ఆస్పత్రిలో చేర్చినంత మాత్రాన మీమీద కేసు పెట్టరు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. చట్టమే ఆ రక్షణ ఇచ్చింది. గుమిగూడి చూసే పదిమందిలో ఒక్కరు ఫోన్ తీసి 108 నొక్కితే ఓ ఇంటి దీపం నిలబడొచ్చు.