మీకు తెలుసా? లయ తెలిసిన చెవి పసితనంలోనే!
బాల్కన్ ప్రాంతంలోని బల్గేరియా, మాసిడోనియా జానపద నృత్యగీతాల్లో 2+2+3గా నడిచే 7 మాత్రల లయ మామూలే. మన కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళమూ 7 మాత్రలదే, నడక 3+2+2.

ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన అధ్యయనాల్లో ఉత్తర అమెరికా శిశువులకు ఈ బాల్కన్ బాణీలు వినిపించారు. పాట మోగుతుండగా ఎదుటి తెర వైపు ఎంతసేపు చూస్తున్నారో కొలిచారు. లయ తప్పితే 6 నెలల పసివాళ్లు ఇట్టే పసిగట్టారు. ఉత్తర అమెరికా పెద్దలు మాత్రం పోల్చుకోలేకపోయారు!

12 నెలల పిల్లలూ తడబడ్డారు. కానీ ఇంట్లో 2 వారాలు ఆ సంగీతం విన్నాక తేడా పట్టేశారు. పెద్దలకు మాత్రం అంత విన్నా ఆ పట్టు చిక్కలేదు.

ఏడాది తిరిగేలోపే మెదడు తన చుట్టూ వినిపించే లయలకు అలవాటు పడిపోతుందన్నమాట. అందుకే పసివాళ్ల చెవిన రకరకాల పాటలు పడనివ్వాలి.